ఖాకీ వదిలి సిరీస్ రాయబోతున్నాను, నా కేసునే కథగా ఇవ్వనా?

తెలంగాణలోని ఒక నగరంలో సీసీఎస్‌లో (పెద్ద నేరాల దర్యాప్తు చూసే సెంట్రల్ క్రైమ్ స్టేషన్‌లో) ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్న పాఠకుడు పంపిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. ఆయనను గానీ, ఆయన ప్రస్తావించిన కేసును గానీ ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తొలగించి సారాంశం ఇస్తున్నాము.

ఆయన వయసు 52. 1990ల చివర్లో ఎస్సైగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం నేర పరిశోధనలోనే గడిపారు. కొన్నేళ్ళుగా డ్యూటీ ముగిశాక కథలు రాస్తున్నారు. మారుపేరుతో అచ్చయిన ఆ కథలు చదివి ఒక ఓటీటీ నిర్మాణ సంస్థ ఆయనను పిలిపించింది. ఎనిమిది ఎపిసోడ్ల క్రైమ్ సిరీస్‌కు కథా రచయితగా, సహ నిర్మాతగా ఉండమని అడిగింది. షరతు ఒక్కటే: సుమారు పదేళ్ళ క్రితం ఆయన దర్యాప్తు అధికారిగా ఉన్న ఒక బాలిక అపహరణ, హత్య కేసునే కథగా ఇవ్వాలి. పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద కూడా నమోదైన ఆ కేసులో నిందితుడికి యావజ్జీవ శిక్ష పడింది. అప్పీలు ఇంకా హైకోర్టులో ఉంది.

పాప కనిపించకుండా పోయిన రాత్రి తల్లిదండ్రులు స్టేషన్‌కు వస్తే, అక్కడున్న హెడ్ కానిస్టేబుల్ ఫిర్యాదు తీసుకోకుండా, చుట్టాల ఇళ్ళలో వెతికి తెల్లవారాక రమ్మని పంపేశారు. ఆ తరువాత ఆ హెడ్ కానిస్టేబుల్ సస్పెండయ్యారు, ఇంక్రిమెంట్లు పోగొట్టుకున్నారు, చివరికి చెడ్డపేరుతోనే రిటైరయ్యారు. సంస్థ రాయించిన స్క్రిప్టులో ఈ హెడ్ కానిస్టేబుల్ మొదటి ఎపిసోడ్‌లోనే దుర్మార్గుడిగా కనిపిస్తాడు; నిందితుణ్ణి లాకప్‌లో కొట్టి నిజం చెప్పించే హీరో మన పాఠకుడు. పాప తల్లి ఇప్పటికీ ఏటా బోనాలప్పుడు ఫోన్ చేసి "బాగున్నరా సారూ" అని పలకరిస్తుంది. ఆమెకు ఈ సంగతి ఇంకా తెలియదు. ఉపాధ్యాయురాలైన భార్య, ఇంకా మిగిలిన తొమ్మిదేళ్ళ సర్వీసు వదులుకుని సినిమావాళ్ళను నమ్ముకోవడం ఏమిటని బాధపడుతోంది. కూతురు మెడిసిన్ చదువుతోంది. ఒక బ్యాచ్‌మేట్ "మన గుట్టు అమ్ముకుంటున్నావా" అని ముఖం మీదే అన్నాడు. ఉద్యోగం వదలాలా, ఆ కేసు ఇవ్వాలా, తెర మీద తన పేరు వేయించుకోవాలా అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం

మీరు మూడు ప్రశ్నలు విడివిడిగానే రాశారు గానీ, మీ మనసులో అవి ఒకే ముడిగా పడిపోయాయి. ఉద్యోగం వదిలితే ఆ కేసు ఇవ్వాల్సిందే, కేసు ఇస్తే హీరోగా మీ పేరు రావాల్సిందే అన్నట్టుగా ఆలోచిస్తున్నారు. ఆ ముడి వేసింది సంస్థవాళ్ళు. వాళ్ళ వ్యాపారానికి అది అవసరం. మీరు రచయిత కావడానికి ఆ ముడితో పనిలేదు. దాన్ని విప్పి ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదట ఉద్యోగం సంగతి. మీరు వెళ్ళదలచుకున్న దారి పిచ్చిదీ కాదు, కొత్తదీ కాదు. అమెరికాలో జోసెఫ్ వాంబా 1960లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో చేరి డిటెక్టివ్ సార్జెంట్ దాకా ఎదిగారు. ఉద్యోగంలో ఉండగానే నవలలు రాశారు. 1973లో ఎన్‌బీసీ టీవీలో మొదలైన ‘పోలీస్ స్టోరీ’ అనే ధారావాహిక ఆయన సృష్టే. పేరు పెరిగేకొద్దీ డిటెక్టివ్‌గా మామూలుగా పనిచేయడం సాధ్యంకాక 1974లో, పద్నాలుగేళ్ళ సర్వీసుతో ఉద్యోగం వదిలారు. న్యూయార్క్‌లో బిల్ క్లార్క్ పాతికేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాక ‘ఎన్‌వైపీడీ బ్లూ’ అనే టీవీ సిరీస్‌కు మొదట సాంకేతిక సలహాదారుగా వెళ్ళి, క్రమంగా రచనలోకీ, చివరికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ హోదాకూ చేరుకున్నారు. ఆ సిరీస్ 1993 నుంచి 2005 దాకా నడిచింది. బాల్టిమోర్‌లో ఎడ్ బర్న్స్ ఇరవై ఏళ్ళు పోలీసుగా హత్యలూ మాదకద్రవ్యాల కేసులూ దర్యాప్తు చేసి, రిటైరయ్యాక అదే నగరంలో పాఠాలు చెప్పే పంతులయ్యారు. ఆ తరువాతే పాత్రికేయుడు డేవిడ్ సైమన్‌తో కలిసి 2002లో మొదలైన ‘ద వైర్’ సిరీస్ రచనలో ప్రధాన పాత్ర పోషించారు.

ఈ ముగ్గురిలో మీకు ఎక్కువగా పనికివచ్చేవారు బర్న్స్ అని నా అభిప్రాయం. ఆయన పోలీసు జీవితంలో పెద్ద భాగం టెలిఫోన్ వైర్‌టాప్ దర్యాప్తులు. ముఠాలు పేజర్లూ, వీధి ఫోన్లూ ఎలా వాడుతున్నాయో నెలల తరబడి విని, రాసుకుని, ఒక దానితో ఒకటి కలిపి చూసుకునే ఓపిక పని అది. ‘ద వైర్’ గొప్పతనం ఆ ఓపికలోనే ఉంది. తుపాకులు పేలే ఘట్టాలకన్నా, కోర్టు అనుమతి కాగితం రాక ఆగిపోయిన దర్యాప్తు అందులో ఎక్కువ ఉత్కంఠ పుట్టిస్తుంది. నాలుగో సీజన్ పూర్తిగా బడిపిల్లల గురించి, దానికి ఆధారం ఆయన ఉపాధ్యాయ జీవితం. తాను పట్టుకున్న ఏ ఒక్క కేసునూ యథాతథంగా తెరకెక్కించకుండానే, తనకు తెలిసినదంతా ఆయన తెర మీద పెట్టగలిగారు. సంస్థ మిమ్మల్ని కోరుకోవలసింది కూడా ఈ జ్ఞానం కోసమే. ఒక శవపంచనామాకు పంచులు, అంటే సాక్షులుగా సంతకం చేసేవారు, దొరకడం ఎంత కష్టమో, రిమాండ్ రిపోర్టు ఏ తెల్లవారుజామున ఏ టేబుల్ మీద తయారవుతుందో, ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) రిపోర్టు రాకపోతే ఛార్జిషీటు ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. ఇవి కథలు రాసేవారిలో చాలామందికి తెలియవు. ఆ పాప లేకుండా కూడా మీకు ఎనిమిది ఎపిసోడ్లు ఉన్నాయి.

మీ శ్రీమతి భయాన్ని సినిమావాళ్ళంటే ఉండే అపనమ్మకంగా తీసుకోకండి. ఆమె లెక్క సరైన లెక్క. మీరు 2004 సెప్టెంబరుకు ముందు చేరినవారు, పాత పెన్షన్ విధానం మీకు వర్తిస్తుంది. అది ఈ రోజుల్లో చిన్న విషయం కాదు. ఇరవై ఏళ్ళ అర్హతా సర్వీసు పూర్తయింది కాబట్టి మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్ఎస్) కోరే హక్కు మీకుంది, పెన్షన్ కూడా వస్తుంది. అయితే 61 ఏళ్ళకు రిటైరైతే వచ్చేదానికీ, ఇప్పుడు వచ్చేదానికీ తేడా ఎంతో పే అండ్ అకౌంట్స్‌లో తెలిసినవారి చేత కాగితం మీద లెక్కకట్టించి, ఆమె ముందు పెట్టి మాట్లాడండి. సిరీస్ మొదటి సీజన్‌తో ఆగిపోతే, అసలు చిత్రీకరణ దాకానే రాకపోతే ఇల్లు ఎలా నడుస్తుంది, కూతురి చదువు ఎలా పూర్తవుతుంది అన్నదానికి ఆ కాగితం మీదే జవాబు ఉండాలి. ఒప్పందం మీద సంతకం పెట్టగానే సగం డబ్బు ఇస్తామన్నారని మీరు రాశారు. ఆ సగాన్ని జీతంతో పోల్చి చూడకండి; మూడేళ్ళ మీద పరచి చూడండి.

ఉద్యోగంలో ఉంటూనే రాయవచ్చా అని మీరు అడగలేదు గానీ, అది ఒక మార్గమే కాబట్టి చెబుతున్నాను. పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం, 1966 ప్రకారం అనుమతి లేకుండా పుస్తకాలు ప్రచురించకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. కేవలం సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన రచనకు మాత్రం మినహాయింపు ఉంది. మీ కథలు ఆ మినహాయింపులోకి వస్తాయి. డబ్బు తీసుకుని ఒక సంస్థకు సిరీస్ రాయడం మాత్రం వేరు సంగతి. ప్రవర్తనా నియమాల కింద ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా దానిలో అడుగు పెట్టకండి. బీహార్‌లో ఒక సీనియర్ ఐపీఎస్ అధికారి అనుభవాల ఆధారంగా వచ్చిన సిరీస్ 2022లో విడుదలైన కొద్ది రోజులకే, పదవిలో ఉండి ఆర్థిక లబ్ధి పొందారన్న ఆరోపణతో అక్కడి విజిలెన్స్ విభాగం ఆయన మీద కేసు నమోదు చేసింది. ఆ ఆరోపణలో నిజమెంతో తేల్చవలసింది కోర్టులు. మంచిపేరున్న అధికారికి కూడా ఆ ఇబ్బంది రాగలిగింది కాబట్టి, సర్వీసులో ఉంటూ అడ్వాన్సు పుచ్చుకోవడం మీకు మంచిది కాదు.

ఇక కేసు దగ్గరికి వద్దాము. ఇక్కడ చట్టం ఏమంటుందో ముందు చెబుతాను, తరువాత నేను ఏమనుకుంటున్నానో చెబుతాను.

కోర్టు రికార్డులో ఉన్న సంగతులను ఎవరైనా ప్రచురించవచ్చని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరణశిక్ష పడిన ఒక ఖైదీ ఆత్మకథను తమిళ పత్రిక ప్రచురించబోవడం మీద వచ్చిన తీర్పు అది. లైంగిక నేరాల బాధితులను మాత్రం అదే తీర్పు ఆ వెసులుబాటు నుంచి మినహాయించింది. పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా స్పష్టంగా, బాలిక పేరు, చిరునామా, ఫొటోతో పాటు కుటుంబ వివరాలు, చదివిన బడి, ఉన్న పేట కూడా బయటపెట్టకూడదంటుంది. బాధితురాలు మరణించిన సందర్భాల్లో కూడా, దగ్గరి బంధువులు ఒప్పుకున్నా సరే, సెషన్స్ జడ్జి అనుమతి లేకుండా గుర్తింపు వెల్లడి చేయరాదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కాబట్టి "తల్లి చేత సంతకం పెట్టించుకుందాం, అంతా సర్దుకుంటుంది" అని మీ నిర్మాత అంటున్న మాట నిలవదు. పేర్లు మారుస్తామంటారు. కానీ "ఈ కేసు ఛేదించిన అధికారే రాసిన కథ" అని ప్రచారం చేశాక, మీరు పనిచేసిన స్టేషన్ ఏదో, ఆ ఏడాది అక్కడ జరిగిన కేసు ఏదో కనుక్కోవడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? మారుపేరు పెట్టిన పాపను మీ అసలు పేరే పట్టిచ్చేస్తుంది.

రెండోది అప్పీలు. దర్యాప్తు అధికారిగా మీరు బోనులో నిలబడి ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలం రికార్డులో ఉంది. స్క్రిప్టులో నిందితుణ్ణి కొట్టి నిజం చెప్పిస్తున్నారు. మీరే ఉత్తరంలో రాశారు: అసలు దర్యాప్తులో నేరాన్ని రుజువు చేసింది కిరాణా దుకాణం ముందున్న సీసీటీవీ దృశ్యమూ, నిందితుడు చూపించిన చోట దొరికిన స్కూలు బ్యాగూ అని. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ సమాచారం ఆధారంగా దొరికిన వస్తువుకే విలువ. ఇప్పుడు అదే దర్యాప్తు అధికారి పేరుతో వచ్చే సిరీస్‌లో లాకప్ చిత్రహింస కనిపిస్తే, అప్పీలులో వాదించే న్యాయవాది దాన్ని పట్టించుకోకుండా ఉంటాడా? కల్పన అని కోర్టు పక్కన పెట్టవచ్చు. అయినా అలాంటి వాదనకు తావిచ్చేది మీరే అవుతారు, ఆ తల్లి మళ్ళీ కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తే దానికి కారణమూ మీరే అవుతారు. జరగనిదాన్ని జరిగినట్టు రాసి, దాన్నే మీ వీరత్వంగా చూపించడానికి ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. పైగా రచయితగా మీకు అది నష్టం కూడా. కొట్టి చెప్పించే సన్నివేశం ఎవరైనా రాయగలరు. ఒక స్కూలు బ్యాగు చట్టం ముందు ఎలా నిలిచిందో మీలాంటివారే రాయగలరు.

మీ దగ్గర కేస్ డైరీ నకళ్ళు గానీ, ఫోన్‌లో నేరస్థలం ఫొటోలు గానీ ఉంటే, వాటిని ఏ రచనకూ వాడకండి, ఏ రచయితకూ చూపించకండి. అవి శాఖవీ, కోర్టువీ.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపిన చోటికి వస్తాను. మీ ఉత్తరంలో నాలుగో పేజీలో, హెడ్ కానిస్టేబుల్ గురించి రాస్తూ, మీరు ఇలా అన్నారు: "ఆ రాత్రి ఆయన నాకు ఫోన్ చేశాడు, నేను బందోబస్తులో ఉన్నాను, ఏమి చెప్పానో ఇప్పుడు సరిగా జ్ఞాపకం లేదు." ఆ వెంటనే మరో పేరాలోకి, స్క్రిప్టు సంగతికి వెళ్ళిపోయారు. పదేళ్ళ క్రితం ఏ దుకాణం ముందు కెమెరా ఏ కోణంలో ఉందో గుర్తున్న మనిషి మీరు. అప్పుడు ఆ స్టేషన్‌కు ఎస్‌హెచ్‌వో, అంటే స్టేషన్ బాధ్యత చూసే అధికారి, కూడా మీరే. బందోబస్తు ఒత్తిడిలో మనిషి ఏదైనా అని ఉండవచ్చు, ఏమీ అనకపోయీ ఉండవచ్చు. నేను మిమ్మల్ని దోషిగా నిలబెట్టడం లేదు. మీరు ఆ వాక్యం నాకు రాయకుండా ఉండగలిగేవారు, రాశారు. అందుకే దాన్ని వదిలి ముందుకు పోలేకపోతున్నాను.

పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదునూ అపహరణగా భావించి వెంటనే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలోనే ఆదేశించింది. మీ కేసు ఆ తరువాతిది. ఆదేశం ఉండి కూడా ఆ రాత్రి ఒక స్టేషన్ ఒక తల్లిని తెల్లవారాక రమ్మని ఎందుకు పంపింది? ఒక్క హెడ్ కానిస్టేబుల్ దుర్మార్గం వల్లనేనా? సిబ్బంది అంతా బందోబస్తుకు పోయి స్టేషన్‌లో ఇద్దరే మిగలడం వల్లనా? ఎఫ్ఐఆర్‌ల సంఖ్య పెరిగితే నెలవారీ సమీక్షలో ఎస్‌హెచ్‌వోకు చీవాట్లు పడతాయన్న భయం కిందివాళ్ళ దాకా పాకడం వల్లనా? చెప్పేవారు లేక బయటికి రాని కథ ఇదే. మీకు ప్రతిపాదించిన స్క్రిప్టు సరిగ్గా దీన్నే ఒక మనిషి నెత్తిన రుద్ది మూసేస్తోంది. శాఖ ఒకసారి ఆయనకు శిక్ష వేసింది. మీ సిరీస్ రెండోసారి, ఈసారి ఆయన మనవల ముందు, వేయబోతోంది.

వాంబా రచనల్లో ‘ది ఆనియన్ ఫీల్డ్’ అన్నది నిజంగా జరిగిన కేసు మీద 1973లో వచ్చిన పుస్తకం. 1963 మార్చిలో హాలీవుడ్‌లో ఒక కారును ఆపిన ఇద్దరు పోలీసులను దుండగులు తుపాకితో బెదిరించి, వారి ఆయుధాలు లాక్కుని, బేకర్స్‌ఫీల్డ్ దగ్గర ఉల్లిచేలోకి తీసుకువెళ్ళారు. ఇయన్ క్యాంప్‌బెల్ అనే అధికారిని కాల్చి చంపారు. కార్ల్ హెట్టింగర్ చీకట్లో పరుగెత్తి బతికి బయటపడ్డారు. తుపాకి అప్పగించడమే తప్పన్నట్టుగా శాఖ మాట్లాడింది. ఆ అపరాధ భావనలో హెట్టింగర్ లోలోపల కుంగిపోయి, చిన్న దొంగతనాలకు పాల్పడి, చివరికి ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. విచారణలూ పునర్విచారణలూ ఏళ్ళ తరబడి సాగాయి, ప్రతిసారీ ఆయన బోనెక్కి ఆ రాత్రి గురించి చెప్పవలసి వచ్చింది. వాంబా అదే శాఖలో ఉద్యోగి. హంతకులను పట్టుకున్న శూరుల కథగా దాన్ని రాసి ఉంటే శాఖ మెచ్చుకునేది. ఆయన కోర్టు రికార్డులు పెద్దయెత్తున చదివి, సంబంధం ఉన్నవారితో మాట్లాడి, తోటివారు పిరికివాడన్న మనిషి బాధను పుస్తకానికి కేంద్రం చేశారు. తరువాత మరో నవల సినిమాగా వచ్చినప్పుడు దాన్ని పాడుచేశారని తన పేరు తీయించుకున్నారు. ‘ది ఆనియన్ ఫీల్డ్’ సినిమాను మాత్రం ఇతరుల చేతుల్లో పెట్టకుండా తానే డబ్బు కూడగట్టి 1979లో తీయించారు. నిజమైన కేసును తెరకెక్కించాలంటే ఎంత పట్టు, ఎంత బాధ్యత కావాలో ఆ ఉదాహరణ చూపిస్తుంది.

మీ బ్యాచ్‌మేట్ మాటకు మీరు నొచ్చుకున్నారు. శాఖలో ఏం జరుగుతుందో బయట చెప్పడం ద్రోహమని నేననుకోను. పైన చెప్పినట్టు ఆ రాత్రి గురించి నిజాయితీగా రాస్తే శాఖకే మేలు. అయితే కిందివాడి తప్పు చెప్పి, పైవాడి సంగతి దాచి డబ్బు తీసుకుంటే, ఆయన అన్న మాటకు మీ దగ్గర జవాబు ఉండదు.

పాప తల్లి విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. మీరు వెళ్ళి అడిగితే ఆమె కాదనదు. తన బిడ్డకు న్యాయం జరిపించిన సారు అడుగుతున్నాడని సంతకం పెట్టేస్తుంది, చదవకుండానే. కృతజ్ఞతతో ఇచ్చిన ఆ అంగీకారాన్ని అంగీకారంగా లెక్కపెట్టకండి. ఎప్పటికైనా ఆమెను అడగవలసి వస్తే మీరు ఎదురుగా కూర్చుని అడగకండి. ఆమె తరఫున మాట్లాడగల ఒక న్యాయవాదో, ఆ కుటుంబం నమ్మే పెద్దమనిషో వివరించాలి. ఏమి చూపిస్తారో, ఏమి చూపించరో ఆమె భాషలో చెప్పాలి. ఆలోచించుకోవడానికి నెలల వ్యవధి ఉండాలి. వద్దంటే పని అక్కడితో ఆగిపోవాలి. అలాగని ఈ సంగతి ఆమెకు ఫోన్‌లో ఇంకెవరో చెప్పేదాకా దాచి ఉంచకండి. సంస్థతో మాటలు జరుగుతున్నాయని మీ నోటితోనే ఆమెకు తెలియాలి, ఏమీ అడగకుండా.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుంటే మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

సంస్థ చెప్పినట్టుగానే ఇప్పుడే ఉద్యోగం వదిలి, ఆ కేసు ఇచ్చి, హీరోగా మీ పేరు ఒప్పుకుంటే డబ్బు త్వరగా వస్తుంది, పేరూ వస్తుంది. చట్టపరమైన చిక్కులు మీ మీద కూడా పడతాయి, ఎందుకంటే ఇలాంటి ఒప్పందాల్లో కథ వల్ల వచ్చే దావాలకు రచయితదే బాధ్యత అని ఒక షరతు తరచుగా ఉంటుంది. హెడ్ కానిస్టేబుల్ బతికి ఉన్నారు. ఆయన పరువునష్టం దావా వేస్తే, ఆ రాత్రి ఫోన్ గురించి మీరు కోర్టులో జవాబు చెప్పాల్సి వస్తుంది. ఈ దారి వద్దనే నా అభిప్రాయం, కానీ నిర్ణయం మీది కాబట్టి పర్యవసానాలు చెప్పాను.

కేసు ఇవ్వను, నన్ను ఇస్తాను అని సంస్థకు చెప్పడం మరో దారి. పది కేసుల నుంచి పుట్టిన కల్పిత కథ, కల్పిత ఊరు, కల్పిత అధికారి. వాళ్ళు మీ దగ్గరికి వచ్చింది నిజంగా మీ రచన నచ్చే అయితే ఇందుకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, వాళ్ళకు కావలసింది ఆ పాప మరణం మాత్రమేనని మీకు ఇప్పుడే తెలిసిపోతుంది. తొమ్మిదేళ్ళ సర్వీసు వదులుకున్నాక తెలియడంకన్నా అది నయం. ఈ దారిలో డబ్బు తగ్గవచ్చు, సహ నిర్మాత హోదా పోయి సలహాదారు హోదా రావచ్చు. బిల్ క్లార్క్ మొదలుపెట్టింది అక్కడే. ఆయన పక్కన డేవిడ్ మిల్చ్, బర్న్స్ పక్కన సైమన్ అనే చేయితిరిగిన రచయితలున్నారని కూడా గుర్తుంచుకోండి. ఎనిమిది ఎపిసోడ్లు ఒంటిచేత్తో రాస్తానని ఒప్పుకునేకంటే, తెర రచన తెలిసినవారు ఒకరు మీతో కూర్చోవాలని మీరే అడగండి.

తొందరపడకుండా ఒక ఏడాది ఉద్యోగంలోనే ఉండి, అనుమతి తీసుకుని పూర్తిగా కల్పితమైన ఒక ఎపిసోడ్ స్క్రిప్టు రాసి, అది మీకు చేతనయిన పనేనా అని చూసుకోవచ్చు. కథ రాయడం వేరు, తెరకు రాయడం వేరు. ఈ సంస్థ అప్పటిదాకా ఆగకపోవచ్చు. ఆ నష్టం నిజమే, కానీ మీ కూతురి చదువు ఈలోగా ఆగదు, మీ శ్రీమతి మీ పక్కనే నిలబడే అవకాశమూ పెరుగుతుంది.

ఆ కేసును మీరే రాయాలని మనసు పట్టుపడితే, దానికీ ఒక దారి ఉంది, చాలా పొడవైనది. అప్పీలు ముగియాలి. మీరు రిటైరై ఉండాలి. డైరీల జోలికి పోకుండా కోర్టు తీర్పులూ బహిరంగ రికార్డులూ ఆధారం కావాలి. పాపను గుర్తుపట్టే ఒక్క వివరం ఉండకూడదు, అంటే మీ పేరుతో ఆ కేసును ముడిపెట్టే ప్రచారం కూడా ఉండకూడదు. తల్లి నిండు మనసుతో ఒప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఫోన్ కాల్ కథలో ఉండాలి. అది లేకుండా మీరు ఎంత బాగా రాసినా ఆ కథ అబద్ధమవుతుంది.

ఏ దారిలో వెళ్ళినా ఒప్పందం మీద సంతకం పెట్టేముందు కాపీరైట్ తెలిసిన న్యాయవాదికి చూపించండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ అర్థం. సంస్థల పత్రాల్లో సాధారణంగా "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంటుంది. అంతకన్నా ముందు, మీ జీవితానుభవం మీద హక్కులన్నీ వాళ్ళకే రాసిచ్చే షరతు ఉందేమో చూసుకోండి. దానిమీద సంతకం పెడితే రేపు మీరు మరొకరికి మరో కథ రాయడమే కష్టమవుతుంది. మార్చిన స్క్రిప్టు నచ్చకపోతే పేరు తొలగించుకునే హక్కు కూడా రాయించుకోండి.

రిటైరైన దర్యాప్తు అధికారులకు పాత కేసుల్లో సమన్లు వస్తూనే ఉంటాయని మీకు తెలుసు. ఉద్యోగం వదిలినా బోను మిమ్మల్ని వదలదు. అప్పుడు మీ మాటకు ఎంత విలువ ఉంటుందన్నది ఈ ఏడాది మీరు తీసుకునే నిర్ణయం మీద కొంత ఆధారపడి ఉంటుంది.

సంస్థకు రెండు నెలల గడువు కావాలని ఈ వారమే చెప్పండి. ఆ వ్యవధిలో ముందుగా చేయమని నేను కోరేది ఒక్కటే. ఆ హెడ్ కానిస్టేబుల్ ఇంటికి వెళ్ళండి, యూనిఫాం లేకుండా, ఒంటరిగా. స్క్రిప్టు సంగతి దాచకుండా చెప్పండి, ఆ రాత్రి ఫోన్‌లో మీరు ఏమన్నారో ఆయనను అడగండి. ఆయనకు తప్పకుండా గుర్తుంటుంది. ఆయన చెప్పింది విన్నాక, ఇంటికి వచ్చి మీ శ్రీమతికి కూడా చెప్పండి. వీఆర్ఎస్ దరఖాస్తు రాయాలో వద్దో ఆ తరువాత ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోవచ్చు.